బతికున్న బీరు

మా పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయికి ఎనిమిది నెలల పాప ఉంది. మొన్న పొద్దున మెట్లెక్కుతుంటే వాళ్ళ వంటింట్లోంచి ఒక వాసన వచ్చింది. పాప కోసం రాగులు నానబెట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, సన్నసెగ మీద వేయిస్తోంది. మొలకెత్తిన గింజకు వేడి తగిలినప్పుడు వచ్చే ఆ వాసన పూర్తిగా తీపీ కాదు, మాడూ కాదు. కాలుతున్న రొట్టెకూ బెల్లం పాకానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఆయాసమొచ్చిందనుకుని ఆ అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. "ఆయాసం కాదమ్మా, నా ఉద్యోగం గుర్తొచ్చింది" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ జీవితమంతా బీరు ఫ్యాక్టరీలో పనిచేసిందంటే ఎవరికి మాత్రం వెంటనే అర్థమవుతుంది? అక్కడే కూర్చుని చెప్పాను. నా గురించి కంటే సామ్యేలు సార్ గురించే ఎక్కువ చెప్పానని ఇంటికొచ్చాక తోచింది. ఆయన్ను చూడనివాళ్ళ కోసం ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల చివరి సంవత్సరాలవి. నాచారంలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. ఉప్పల్ ఇంకా ఊరే. మా ఇంటి నుంచి ఫ్యాక్టరీకి జొన్నచేల గట్ల మీదుగా, తాటిచెట్ల మధ్య నుంచి నడిచి వెళ్ళేదాన్ని. ఆ తాళ్ళలో కొన్ని మా బాపు ఎక్కేవే. మేం గౌండ్లవాళ్ళం, మా తాత, ముత్తాత అందరూ కల్లు గీసినవాళ్ళే. బాపు నన్ను బి.ఎస్సీ. దాకా చదివించాడు. కల్లు వాసన లేని ఇంటికి నేను పోవాలని మా అమ్మ కోరిక. తీరా నాకు దొరికిన ఉద్యోగం బీరు ఫ్యాక్టరీ లాబొరేటరీలో సహాయకురాలిగా, అదీ తాత్కాలికంగా. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఇరుగుపొరుగుతో "మా బిడ్డ మందుల కంపెనీల పనిజేస్తది" అని చెప్పుకుంది. మందు అన్న మాటకు రెండర్థాలుండటం ఆమెకు పెద్ద వరమైంది. నేనూ తక్కువేం తినలేదు. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాశాను. కాలేజీలో చేరినప్పటి నుంచీ అదే రాస్తున్నాను. రాసీ రాసీ చెయ్యి ఆగడం కూడా మానేసింది.

సామ్యేలు సార్ అక్కడ బీరు తయారీకి పెద్ద. మెదక్ వైపు పల్లెటూరివాడు. మిషన్ బడిలో చదువుకుని, అంతకుముందు పనిచేసిన కంపెనీ పంపితే ఇంగ్లండులో మూడేళ్ళుండి బీరు చెయ్యడం నేర్చుకుని వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, దేన్నయినా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. బార్లీ బస్తా వస్తే వాసన, కొత్త రబ్బరు గొట్టం వస్తే వాసన, ఆఖరికి చాయ్ ఇచ్చినా ముందు వాసన. ఇంట్లో మాత్రం చుక్క ముట్టడు. పనిలో రోజుకు నాలుగైదు గుక్కలు, అంతే. ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చునేవాడు. అక్కడ ఆయన పని సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు, ఆయనా చెప్పేవాడు కాదు.

నేను చేరిన మొదటి వారంలో నా ముందు మూడు గ్లాసుల నీళ్ళు పెట్టాడు. ఒకటి బాయి నీళ్ళు, ఒకటి కాచి చల్లార్చినవి, ఒకటి గొట్టంలో రాత్రంతా నిలిచినవి. ఏది ఏదో చెప్పమన్నాడు. నేను వాసన చూసి నోరు తెరవబోయాను. చెయ్యడ్డం పెట్టాడు.

"ముందుగాల కాయితం మీద రాయి. ఎన్కశీరి మాట్లాడు" అన్నాడు. "పక్కోని మాట చెవుల వడ్డంక నీ నాలుక నీది గాదు సుగుణా. దొరదైతది, మేనేజరుదైతది, నాదైతది."

నేను రాసింది చదివి కాగితం జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు నాకొక పుస్తకం ఇచ్చాడు, చిన్నది, నల్ల అట్టది. ప్రతి ఉదయం ప్రతి తొట్టి దగ్గరా ముక్కుపెట్టి, నాకు తోచింది తోచినట్టు అందులో రాయాలి. లాబొరేటరీ లెక్కలు వేరే పుస్తకంలో. "అది మిషిన్ల పుస్తకం. ఇది నీది" అన్నాడు. నేనంటూ ఏదైనా అనుకోవచ్చునని, అది రాసిపెట్టదగ్గదేనని నాకు చెప్పిన మొదటి మనిషి ఆయన.

ఆ లాబొరేటరీ బీరువాలో ఒక గాజుగొట్టం ఉండేది. అందులో మీగడరంగు పొరలా ఏదో అంటుకుని ఉండేది. అది ఇంగ్లండు ఈస్టు, బీరును పులియబెట్టే సూక్ష్మజీవి. మా ఫ్యాక్టరీలో చేసేది చల్లటి గదిలో నెలలు ఊరే లేతపసుపు బీరు. దాని ఈస్టు వేరు. ఇంగ్లండులో 'ఏల్' అనే ఎర్రటి బీరు చేస్తారు. దానికి ఈ ఈస్టు కావాలి. సార్ ఓడలో వస్తూ ఆ గొట్టాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని తెచ్చాడట. ఆరేళ్ళుగా రెండు నెలలకోసారి కొత్త గొట్టంలోకి మార్చి, మేత వేసి, బతికిస్తూ వచ్చాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ పని నాకు అప్పజెప్పినరోజున అడిగాను.

ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఇంగ్లండులో తాను పనిచేసిన ఊళ్ళో ప్రతి వీధి చివరా ఒక తాగుడు కొట్టు ఉండేది. దాని కింద నేలమాళిగ. ఆ నేలమాళిగలో చెక్క పీపాలు పడుకోబెట్టి ఉండేవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికి ఆ పీపాలో బీరు పని పూర్తయి ఉండదు. ఈస్టు ఇంకా బతికే ఉంటుంది, పీపాలోనే రెండోసారి ఊరుతుంది. పీపా పైన మెత్తటి కర్ర మేకు కొట్టి దాని గుండా ఊపిరి వదిలిస్తారు. చేప గాలితిత్తితో చేసిన జిగురు వేస్తే మడ్డి అడుక్కి దిగుతుంది. రెండు మూడు రోజులకు బీరు తేరుకుంటుంది. అప్పుడు కొళాయి తిప్పి, గ్యాసు లేకుండా, దానంతటది దిగినట్టు గ్లాసులోకి పట్టుకోవాలి. తెరిచిన పీపా మూడు రోజుల్లో అయిపోవాలి. ఆ తర్వాత చచ్చిపోతుంది.

"మరి సీసాల బీరు?" అని అడిగాను.

"సీసల పోసేముందు వడగడ్తరు, ఉడుకు జేస్తరు, గ్యాసు నింపుతరు. అండ్ల బతికున్నది ఏం ఉండది. అందుకనే ఆర్నెల్లయినా గట్లనే ఉంటది, సముద్రాలు దాటి పోతది. ఇప్పుడు గా దేశంల కొత్తగ ఉక్కు పీపాలు వస్తున్నయి. సీసల బీరునే పెద్ద సీసల పోసినట్టు. గ్యాసు తోస్తె బయటికొస్తది. మాళిగల మనిషే అవసరం లేదు. నేను ఉన్న మూడేండ్లల్ల మా గల్లీల నాలుగు కొట్లు చెక్క పీపాలు తీసి పారేసినయి."

"ఏది మంచిది సార్?"

"సీసను నేను తక్కువ జెయ్య. ఎండల పల్లెలకు పోయి తాగెటోనికి గదే దిక్కు. ఉక్కు పీప రోజూ ఒక్కతీర్గ ఉంటది, మోసం జెయ్యది. కని చెక్క పీప మంచిగున్న రోజు తాగినవనుకో, మిగిలినయి రెండూ దాని గురించి ఎవడో చెప్పిన మాట లెక్కనే ఉంటయి."

నేను తలూపాను. నాకు ఆ మాట ఎంత బాగా అర్థమైందో ఆయనకు చెప్పలేకపోయాను. పొద్దున చెట్టు దించిన కల్లుకూ, కల్లు కాంపౌండులో సీసాలో పోసి అమ్మే కల్లుకూ తేడా నాకు అయిదేళ్ళప్పటి నుంచి తెలుసు. తెలుసునని చెప్పాలంటే ఎలా తెలుసో చెప్పాలి.

ఆ మరుసటి సంవత్సరం చలికాలంలో సైనిక్‌పురిలో ఉండే ఒక రిటైర్డు కర్నల్ గారు ఫ్యాక్టరీకి వచ్చారు. ఆయన కంటోన్మెంట్‌లో ఒక పాత క్లబ్బుకు కార్యదర్శి. క్లబ్బు వాళ్ళు ఇంగ్లండు సీసాలు తెప్పించుకుని తాగుతున్నారు. అవి దొరకడం కష్టమైపోయింది. ఇక్కడే ఏల్ చేసి ఇవ్వగలరా అని అడిగారు. మా మేనేజరు ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. పద్ధతి గల మనిషి. యంత్రాన్ని నమ్ముతాడు, మనిషిని నమ్మడానికి టైము తీసుకుంటాడు. ఉక్కు పీపాల్లో ఇస్తామని ఆయన అన్నాడు. చెక్క పీపాల్లో ఇస్తానని సామ్యేలు సార్ అన్నాడు.

"ఈ ఎండల్లోనా అండీ? వారం తిరక్కుండా వెనిగర్ అయిపోతుంది" అన్నాడు ప్రసాదరావు గారు.

కర్నల్ గారు నవ్వి, "రెండూ చెయ్యిండ్రి. ఇంగ్లండు సీస నేను తెస్త. మూడూ పక్కపక్కన పెట్టి తాగి చూద్దం" అన్నారు.

ఆయన వెళ్ళిపోయాక యజమాని మాట ప్రసాదరావు గారి నోట వచ్చింది. క్లబ్బు ఒప్పుకుంటే ఏల్ కోసం ప్రత్యేక విభాగం. ఒప్పుకోకపోతే ఈ ప్రయోగాలు ఆపాలి, లాబొరేటరీకి ఒక్క మనిషి చాలు. ఆ ఒక్క మనిషి నేను కానని చెప్పనక్కర్లేదు. అప్పటికి బాపుకు యాభై దాటాయి. మోకు నడుముకు కట్టుకుని చెట్టెక్కుతుంటే మధ్యలో ఆగి, చెట్టుకు నుదురానించి ఊపిరి తీసుకునేవాడు. కిందనుంచి చూస్తే నా ఊపిరి ఆగేది. నా ఉద్యోగం ఖాయమైతే ఆయన్ను చెట్టు దించాలన్నది నా ఆశ. అది కూడా ఎవరికీ చెప్పలేదు.

సార్ పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి దొరల కాలం నాటి చెక్క పీపాలు మూడు పట్టుకొచ్చాడు. వాటిలో ఒకదానిలో ఎవరో పూలమొక్క పెంచారు, అది పనికిరాలేదు. మిగిలిన రెండింటికి ఉప్పల్ వడ్రంగి ఇనుప పట్టీలు బిగించాడు. వేణ్ణీళ్ళు పోసి ఉంచితే చెక్క ఉబ్బి కారడం ఆగింది. ఆవిరి పట్టించి శుభ్రం చేశాం. గాజుగొట్టంలో ఏడేళ్ళు ఊరికే బతికిన ఈస్టును ముందు చిన్న సీసాలో, తర్వాత జాడీలో, ఆ తర్వాత తొట్టిలో పెంచాం. మొలకెత్తించి వేయించిన బార్లీ తీపి రసంలో దాన్ని కలిపిన మర్నాడు తొట్టి మీద గోధుమరంగు నురుగు మూరెడెత్తు లేచింది. సామ్యేలు సార్ నిచ్చెన మీద నిలబడి దాన్ని చూస్తూ చాలాసేపు కిందికి దిగలేదు. దిగాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ "లేశింది సుగుణా" అన్నాడు.

ఒకే తొట్టి బీరును రెండు భాగాలు చేశాం. ఒక భాగం వడగట్టి, ఉడుకు పెట్టి, ఉక్కు పీపాలో గ్యాసుతో నింపాం. అది ప్రసాదరావు గారిది. రెండో భాగం ఈస్టుతో సహా రెండు చెక్క పీపాల్లోకి పోయింది. శీతల గది మరీ చలి కనుక దాని ముందున్న వసారాలో పీపాలు పెట్టి, తడిపిన గోనెసంచులు కప్పాం. బాయి నీళ్ళంత చల్లగా ఉండాలని సార్ లెక్క. వారం తిరిగేసరికి మొదటి పీపా అద్దంలా తేరింది. రెండోది ఇంకా మసకగా ఉంది. రుచి చూసే రోజు రేపనగా, మొదటి పీపానే పెట్టాలని అందరూ అనుకున్నారు.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి ఎప్పటిలాగే పీపాల దగ్గర ముక్కు పెట్టాను. మొదటి పీపా మేకు దగ్గర ఏదో తగిలింది. మళ్ళీ చూశాను. పోయింది. మూడోసారి మళ్ళీ తగిలింది. నా పుస్తకంలో 'ఒకటో పీపా: తేడా' అని రాశాను. లాబొరేటరీలో పులుపు కొలిచాను. రెండు పీపాల లెక్కా ఒక్కటే. సూక్ష్మదర్శిని కింద చూశాను. ఉండకూడనిది ఏమీ కనబడలేదు. పదకొండింటికి సార్, ప్రసాదరావు గారు వచ్చినప్పుడు చెప్పాను.

"పులుపా?" అన్నాడు సార్.

"పులుపు కాదు సార్. పులుపుకు ముందొచ్చే వాసన."

ప్రసాదరావు గారు లెక్కల పుస్తకం తిరగేశాడు. "ముందొచ్చేదేమిటమ్మా? ఇదిగో, నువ్వే రాశావు, అంతా సరిగ్గా ఉందని. తేరిన పీపా వదిలేసి మసక పీపా పెడితే కర్నల్ గారు నవ్విపోతారు."

సార్ మేకు దగ్గర ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తలెత్తి, "నాకైతె ఏం వస్తలేదు" అన్నాడు. ఆయన అబద్ధమాడడు. "నీకెట్ల ఎరుక సుగుణా? జర సమజయ్యెటట్టు చెప్పు."

ఇంకో మాట ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. పొరపడ్డానేమో అనవచ్చు. ఆ పీపా రేపు పులిసిపోతే ఆయన ఏడేళ్ళ ఓపిక నేల పాలవుతుంది. నాకు తెలిసీ ఊరుకున్నట్టవుతుంది.

"మా బాపు కల్లు గీస్తడు సార్" అన్నాను. "పొద్దుగాల దించిన కల్లు లొట్టిల పది గొట్టంగ గిదే వాసనొస్తది. నోట్లె ఏస్తె తియ్యగనే ఉంటది. ఒంటిగంటకు పులుస్తది. లొట్టి మంచిగ కడగకుంటె ఇంక జల్ది పులుస్తది. చిన్నప్పుడు మా బాపు నాతోని వాసన సూపిచ్చెటోడు, ఏది ముందు అమ్మాల్నని."

ప్రసాదరావు గారు నావైపు కొత్తగా చూశాడు. దరఖాస్తులో వ్యవసాయమని రాసిన సంగతి ఆయనకు గుర్తుందేమో తెలియదు. నేను నేల చూశాను. సార్ మాత్రం నా నల్ల పుస్తకం తెరిచాడు. తొమ్మిదింటికి రాసిన ఆ రెండు ముక్కలూ చదివాడు.

"ఎవలు చెప్పకముందే రాసింది" అన్నాడు ప్రసాదరావు గారితో. "ఒకటో పీప పక్కకు పెట్టిస్త. రేపు రెండోది."

"రెండోది తేరకపోతే?"

"తేరకుంటె మసకదే తాగుతరు. పులిసింది తాగుడుకంటె నయం."

ప్రసాదరావు గారు వెళ్ళాక సార్ గోనెసంచి సరిచేస్తూ, నావైపు చూడకుండానే మాట్లాడాడు. "ఇంగ్లండుల ఉన్న మూడేండ్లు మా అమ్మకు జాబులు రాసిన. ఏమని రాసిన్నో ఎర్కేనా? రొట్టెల కంపెనీల పనిజేస్తున్న అని. ఈస్టు అదే గద అని మనసుకు చెప్పుకున్న. ఆమె ఊర్లె అందరికి చెప్పింది, నా కొడుకు దొరలకు రొట్టెలు జేసి పెడ్తున్నడని. గట్లనే నమ్ముకుంట పోయింది." గోనెసంచి అంచు పీపా కిందికి దోపాడు. "నువ్వు నాకంటె జల్దిన చెప్పినవు. మంచిగ జేసినవు."

మర్నాడు పదింటికి క్లబ్బు నుంచి కర్నల్ గారు, మరో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. నేను ముందుగా వెళ్ళి రెండో పీపా కొళాయి తిప్పి చూశాను. రాత్రికి రాత్రే మడ్డి దిగిపోయింది. గ్లాసులో ఎర్రటి బీరు వెలుగు పట్టుకుని నిలబడింది. సార్‌కు చూపిస్తే తలూపి, "అయినా స్టీలు గ్లాసులల్లనే పోద్దం. కండ్లు మోసం జెయ్యొద్దు" అన్నాడు. మూడు రకాలూ ఒకే చల్లదనానికి తెచ్చి, పక్క గదిలో స్టీలు గ్లాసుల్లో పోసి, అడుగున అంకెల చీటీలు అతికించాడు. బల్ల చుట్టూ అయిదు కుర్చీలున్నాయి. ఆరో కుర్చీ ఆయనే లాక్కొచ్చి వేశాడు.

"సుగుణా, కూసో."

ఒక పెద్దమనిషి కనుబొమలెత్తాడు. ఆడపిల్ల బీరు బల్ల దగ్గర కూర్చోవడం ఆయన చూడలేదనుకుంటాను. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో మా నాయనమ్మ కల్లు రుచి చూసి బాగుందంటే తప్ప అమ్మకానికి పోయేది కాదు. కూర్చున్నాను.

అందరికీ కాగితాలిచ్చాడు సార్. ఏది నచ్చిందో, ఏది ఏదో రాసేదాకా మాట్లాడొద్దన్నాడు. మొదటి గ్లాసు చురుక్కుమంది. నాలుక మీద గ్యాసు సూదులు, వాటి వెనక రుచి వచ్చేలోపే చేదు వచ్చి పోయింది. మూడో గ్లాసులో తీపి ఎక్కువ, పాతబడిన అట్టపెట్టె వాసన కొంచెం. చాలా దూరం నుంచి వచ్చిన అలసట ఉంది దానిలో. రెండో గ్లాసు నోట్లో పెట్టగానే ముందు ఏమీ జరగలేదు. అంత మెత్తగా దిగింది. తర్వాత మొలకగింజ తీపి, వెనకనుంచి పండిన పండు వాసన, ఆఖరున నెమ్మదిగా తేలిన చేదు. మింగాక కూడా అది నోట్లో కదులుతూనే ఉంది. ఏడేళ్ళు ఒక మనిషి దీన్ని గాజుగొట్టంలో ఎందుకు బతికించాడో ఒక్క గుక్కలో తెలిసింది.

కాగితాలు సార్ చదివాడు. కర్నల్ గారు రెండోది, మా చెక్క పీపాది, మెచ్చారు. ఒక పెద్దమనిషి కూడా రెండోదే. కనుబొమలెత్తినాయన మూడోది, ఇంగ్లండు సీసా, మెచ్చాడు. తనకు అలవాటైన రుచి అదేనని నిజాయితీగా ఒప్పుకున్నాడు. ప్రసాదరావు గారు తన ఉక్కు పీపా బీరును ఇంగ్లండు సీసా అనుకుని, ఇంగ్లండు సీసాను తనది అనుకున్నాడు. నా కాగితంలో మూడింటికీ పేర్లు సరిగ్గా ఉన్నాయి.

"ఎట్ల పట్టినవమ్మా?" అన్నారు కర్నల్ గారు.

సార్ నా బదులు చెబుతాడేమోనని ఆయనవైపు చూశాను. ఆయన గ్లాసులు సర్దుతున్నాడు. చెప్పే ఉద్దేశం లేదు.

"మా బాపు ఉప్పల్ల కల్లు గీస్తడు సార్" అన్నాను. ఈసారి నేల చూడలేదు. "సీసల కల్లు రోజూ ఒక్కతీర్గ ఉంటది. చెట్టు కింద కల్లు గంట గంటకు మారుతది, అది బతికుంటది గదా. ఈ రెండో గ్లాసు గసొంటిది."

కర్నల్ గారు ఆ గ్లాసు మళ్ళీ ఎత్తి ఖాళీ చేశారు. "మాది నల్లగొండ దిక్కు. పటాలం పోయినంక ముప్పై ఏండ్ల సంది నోటికి ఏదో తక్కువైందని తిరుగుతున్న. గిది అని ఇప్పుడెరుకైంది" అన్నారు. లేస్తూ సామ్యేలు సార్ చెయ్యి పట్టుకుని ఊపారు. వారానికి రెండు చెక్క పీపాలు కావాలని, పీపాలు సరిపడా లేకపోతే చేయించమని చెప్పి వెళ్ళారు.

పక్కకు పెట్టిన మొదటి పీపాను మేం మూడో రోజు తెరిచాం. గది నిండా పులుపు కొట్టింది. ప్రసాదరావు గారు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. విప్పించి చూస్తే ఇనుప పట్టీ కింద ఒక చెక్క లోపలివైపు అరచేతంత నల్లగా పుచ్చి ఉంది. ఆయన ఆ పుచ్చును వేలితో గోకి చూసి, నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, నేను పొరపాటు పడ్డాను" అన్నాడు. అందరి ముందరా అన్నాడు. నా ఉద్యోగం ఖాయం చేయమని యజమానికి రాసింది కూడా ఆయనే. ఆ సంగతి చాలాకాలానికి గాని నాకు తెలియలేదు.

ఉత్తర్వు చేతికొచ్చిన వారం సామ్యేలు సార్ బాపును ఫ్యాక్టరీకి పిలిపించమన్నాడు. బాపు ఉతికిన ధోవతి కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విడవబోతే సార్ ఎదురెళ్ళి "చెప్పులు ఉండనియ్యి అన్నా" అని వసారాలోకి తీసుకొచ్చాడు. కొత్త పీపా ఆ ఉదయమే తేరింది. మొదటి గ్లాసు పట్టి రెండు చేతులతో బాపుకు అందించాడు. బాపు ముందు వాసన చూశాడు. ఒక గుక్క తీసుకుని కళ్ళు చిన్నవి చేశాడు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం.

"చేదెందుకేసిన్రు సారూ?" అన్నాడు.

"చేదు లేకుంటె ఆగది అన్నా, చెడిపోతది."

బాపు ఇంకో గుక్క తాగాడు. "మంచి మాటనే. మా దానికి గా సోయి లేకపాయె" అన్నాడు. ఇంకాస్త తాగి, గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసి, "ఇది బతికే ఉన్నది" అన్నాడు. ఇంగ్లండులో నేర్చుకున్నాయనా, ఉప్పల్ తాళ్ళ మీద నేర్చుకున్నాయనా పీపా పక్కన ముక్కాలి పీటల మీద కూర్చుని పులుపు గురించీ, కుండ కడగడం గురించీ, ఏ గాలికి ఏది చెడుతుందో దాని గురించీ రెండు గంటలు మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు బాపు, "నా బిడ్డ చెయ్యి ఎన్నడు తప్పు గొలవది సారూ" అన్నాడు. "చెయ్యి గాదన్నా, ముక్కు" అన్నాడు సార్. బాపు ఆ వేసవి తర్వాత మళ్ళీ చెట్టెక్కలేదు.

చెక్క పీపాల వ్యవహారం ఆరేళ్ళు సాగింది. తర్వాత యజమానులు మారారు, అంతా సీసాలైపోయింది. సార్ రిటైరైన రోజున నన్ను తన పనిలో, తన గదిలో కూర్చోబెట్టి, వెనక్కి చూడకుండా గేటు దాటాడు. అప్పటి రాష్ట్రంలో మరో ఆడది ఆ పనిలో ఉందో లేదో నాకు తెలియదు. నాకంటే ముందు మాత్రం నాకెవరూ కనబడలేదు. ఆయన పోయినప్పుడు చర్చిలో నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆయన చేసిన పని పేరు ఆ గోడల మధ్య మొదటిసారి నేను గట్టిగా పలికాను. ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. ఆయన భార్య రూతమ్మ గారు నా చెయ్యి వదలకుండా పట్టుకున్నారు.

ఆయన గదిలో నేను ఇరవై ఏళ్ళు కూర్చున్నాను. ఒకసారి సీసాలు కడిగే విభాగం నుంచి పోచమ్మ అనే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. చదువు లేదు. "అమ్మా, ఇయ్యాల నీళ్ళు గలగల అంటలేవు, మొద్దుగ వడుతున్నయి" అంది. పక్కనున్న ఇంజనీరు నవ్వాడు. మీటర్లన్నీ బాగానే ఉన్నాయన్నాడు. నేను కుర్చీ చూపించి, "కూసో, చెప్పు. ఎప్పటి సంది?" అని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, మొత్తం లైను ఆపించాను. మధ్యాహ్నానికి లోపల గొట్టం చిట్లి తుప్పు నీళ్ళు కలుస్తున్న చోటు దొరికింది. రెండేళ్ళ తర్వాత అదే పోచమ్మ మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆపించాను. ఈసారి ఏమీ దొరకలేదు, సగం రోజు పని పోయింది. ఆమె భయపడుతూ నిలబడింది. మళ్ళీ ఎప్పుడైనా తోస్తే మళ్ళీ రమ్మని చెప్పి పంపాను.